ఓబులమ్మ తాగిన ముగ్గు

కడప టౌనులో ఓబులమ్మను చూడనివాళ్లు ఉంటారేమో గానీ ఆమె గొంతు విననివాళ్లు ఉండరు. పొద్దున ఆరున్నరకల్లా "ముగ్గో… ముగ్గు! రాతి ముగ్గమ్మో!" అని వీధి మొదట్లో ఒక్క కేక పెడితే, పడుకున్న కుక్కలు లేచి నిలబడతాయి. ఆలస్యంగా నిద్రలేచే కోడళ్లు దుప్పటి లోపలే ఆమెను తిట్టుకుంటారు. అత్తలు మాత్రం డబ్బాలు పట్టుకుని గేటు దగ్గరికి వస్తారు.

పాత మోపెడ్ మీద ముందు ఒక మూట, వెనక రెండు మూటలు, ఆ రెండు మూటల మీద ఓబులమ్మ. బండి నడిపేది ఆమె భర్త తిమ్మయ్య. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అతను మాట్లాడిన మాటలన్నీ పోగేసినా, ఆమె ఒక్క వీధి దాటేలోపు మాట్లాడినంత కావు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "ఇంట్లో రెండు నోర్లుంటే బండి యాడికి పోవాల్నో ఎట్ల తెలుస్తాది?" అంటుంది ఓబులమ్మ.

ఆమె పుట్టింది కోడూరు దిక్కున, గనుల పక్కనుండే కాలనీలో. ఆమె తండ్రి ఆ గనిలోనే రాళ్లు ఎత్తేవాడు. అక్కడ దొరికే బూడిదరంగు రాయి చూడటానికి మామూలుగానే ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే మాత్రం మణికట్టు కిందికి జారుతుంది. పొడి కొడితే తెల్లగా మెరుస్తుంది. ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి చమురు బావుల్లోకి దిగే రాయి అది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు బెరైటీస్. గని చుట్టుపక్కల ఆడవాళ్లు మాత్రం దాన్ని దంచి వాకిట్లో ముగ్గేసుకున్నారు, ముగ్గురాయి అన్నారు. ఆ పేరే నిలిచింది. ఆఫీసర్లు కూడా సంతకం పెట్టేటప్పుడే బెరైటీస్ అంటారు, టీ తాగేటప్పుడు ముగ్గురాయే.

పెళ్లయి కడపకు వచ్చాక ఓబులమ్మ ఆ రాయిని వదల్లేదు. ఊరి బయట మిల్లులో పిండి పట్టించి అమ్మడం మొదలుపెట్టింది. బేరం కుదరనప్పుడు ఆమె చేసే పని ఒకటుంది. ఎదుటిమనిషి ఒక అరచేతిలో అంగట్లో కొన్న ముగ్గు, రెండో అరచేతిలో తన ముగ్గు పోసి, "కండ్లు మూసుకో. యాడ బరువుండాదో చెప్పు" అంటుంది. "అంగడి ముగ్గు ఆటో పోతే లేచిపోతాది. నాది లారీ పోయినా లేవదు."

పోయిన ఎండాకాలం ఆమెకు ముద్ద దిగడం కష్టమైంది.

మొదట సంగటి ముద్ద రొమ్ములో ఆగింది. నీళ్లు తాగి దింపుకుంది. తర్వాత అన్నం ఆగింది. ఆ తర్వాత ఆ నీళ్లే ఆగి, ముక్కులోంచి వెనక్కి వచ్చాయి. రవికలు వదులయ్యాయి. లోకంలో ప్రతి విషయమూ నలుగురికీ చెప్పే ఓబులమ్మ ఈ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఆమె మేనత్త భీమమ్మకు కూడా ఇట్లాగే ముద్ద దిగకపోతే, గొంతు కింద గడ్డ అన్నారు. ఆ ఏడాది తిరగకముందే ఆమె పోయింది. ఆ మాట నోటితో అనకుండా ఉంటే రాకుండా ఉంటుందేమోనని ఓబులమ్మ ఆశ. పొద్దున కేక పెట్టేటప్పుడు మాత్రం మామూలుకంటే గట్టిగా పెట్టేది.

ఒకరోజు మూటలతో సహా బయలుదేరాక బండి టీచర్ల కాలనీ వైపు తిరగలేదు.

"యాడికి పోతాండావు?"

"ఆస్పత్రికి" అన్నాడు తిమ్మయ్య.

"ఎవురికి బాగలేదు?"

తిమ్మయ్య అద్దంలో ఆమెను చూశాడు. దోవ పొడుగునా ఓబులమ్మ అతన్ని తిడుతూనే ఉంది, కానీ బండి ఆపమని మాత్రం అనలేదు.

పెద్దాస్పత్రిలో రెండు గదులు తిప్పి, మూడో గదికి పంపారు. అది ఎక్స్‌రే గది. తలుపు దగ్గర చీటీలు పిలిచే మస్తాన్‌వలి ఆమెను లోపలికి పంపాడు. లోపల జెస్సీ అనే అమ్మాయి ఉంది. మైదుకూరు పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. జెస్సీ ఒక పెద్ద గ్లాసు ఇచ్చింది. దాని నిండా తెల్లగా, చిక్కగా, మజ్జిగకు అన్నలా ఉన్న ద్రవం.

"ఇది తాగల్ల పెద్దమ్మా. నువ్వు తాగుతాంటే మేము ఫొటోలు తీస్తాము. ముద్ద యాడ ఆగుతాందో కనపడతాది."

ఓబులమ్మ గ్లాసు అందుకుంది. అందుకోగానే మణికట్టు కిందికి జారింది. ఆమె ముఖం మారిపోయింది. గ్లాసులో వేలు ముంచి, బొటనవేలుతో రుద్దింది. మళ్లీ రుద్దింది. వాసన చూసింది.

"మే పాపా, ఇది ముగ్గు."

"ముగ్గు కాదు పెద్దమ్మా, మందు. బేరియం."

"నాకు చెప్తాండావా? ముప్పై నాలుగేండ్లుగా ఈ చేతుల్తో కొలిచి పోస్తాండా. ఇది మా ముగ్గురాయి. పైన ఏందో పండ్ల సెంటు పూసినారు, అంతే. ఎవురో మోసం చేసినారు మిమ్మల్ని."

"మోసం కాదు పెద్దమ్మా, డబ్బా మీద రాసిండారు సూడు. బేరియం సల్ఫేట్."

"డబ్బామీద ఏమైనా రాయొచ్చు. రాయి రాయే గదా!"

ఆలస్యమెందుకయిందో చూద్దామని అద్దాల గదిలోంచి డాక్టరు గోపీనాథ్ బయటికి వచ్చాడు. విషయం విన్నాడు. మొదట నవ్వబోయాడు, తర్వాత ఆగి ఆలోచించాడు.

"జెస్సీ, ఆమె చెప్పింది నిజమే" అన్నాడు. "ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటే. దాన్నే బాగా శుద్ధిచేసి మందుగా వాడతాం. ఎక్స్‌రే దీన్ని దాటి పోలేదమ్మా. నువ్వు తాగితే లోపల గొట్టం పొడుగునా పూతలాగా అంటుకుంటుంది. అప్పుడు దాని ఆకారం మాకు తెల్లగా కనపడుతుంది."

ఓబులమ్మ కాసేపు గ్లాసును, కాసేపు డాక్టరును చూసింది.

"అంటే నా కడుపులో ముగ్గేసి చూస్తారు."

"అంతే."

"చుక్కల ముగ్గా, గీతల ముగ్గా?"

"తాగితే తెలుస్తుంది" అన్నాడు డాక్టరు.

ఆమె యంత్రానికి ఆనుకుని నిలబడి తాగింది. తెరమీద తన రొమ్ము లోపల తెల్లటి గీత ఒకటి కిందికి దిగడం చూసింది. అది చక్కగా దిగి దిగి, చివర పిట్ట ముక్కులా సన్నబడి ఆగిపోయింది. ఓబులమ్మ ఊపిరి కూడా అక్కడే ఆగింది.

"గడ్డనా సార్?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆమెకే తెలియదు.

"గడ్డలాగా లేదు. గొట్టం చివర కండ బిగుసుకుపోయింది, తెరుచుకోవడం లేదు. రేపు కెమెరా గొట్టం వేసి కూడా చూస్తాం. అదే అయితే బుడగ పెట్టి సాగదీస్తే సరిపోతుంది."

"గడ్డ కాదా?"

"కాదనే అనుకుంటున్నాను."

"గడ్డ కాదు గదా?"

మూడోసారి అడిగినప్పుడు జెస్సీ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఓబులమ్మ ముక్కు చీది, పైట సర్దుకుని బయటికి నడిచింది.

తలుపు దగ్గర మస్తాన్‌వలి అంతా విన్నాడు. "బేరియం అంటే ఏందో తెల్సునా అక్కా? భారీ! ఉర్దూలో భారీ అంటే బరువు. భారీగా ఉంటాది గాబట్టి బేరియం. మా మాటే అది" అన్నాడు గర్వంగా. ఓబులమ్మ ఆ మాటను జాగ్రత్తగా లోపల పెట్టుకుంది. బయట తిమ్మయ్య బండి దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డ కాదని చెప్పగానే అతను బండి వెనక్కి పోయి, గట్టిగా కట్టి ఉన్న మూటను విప్పి మళ్లీ కట్టాడు. చాలాసేపు కట్టాడు.

మరునాడు పొద్దున ఓబులమ్మ దొడ్డివైపు నుంచి విచిత్రమైన ముఖంతో వచ్చింది.

"ఏమయ్యా, తెల్లగా ఉండాది. సున్నం మాదిరి. లోపల ముగ్గేసి వచ్చినా, చుక్కలు పెట్టేదొక్కటే తక్కువ."

తిమ్మయ్య నవ్వాడు. నవ్వు అలవాటు లేని మనిషి కావడంతో అది దగ్గుగా మారింది, దగ్గు ఆగక గోడ పట్టుకున్నాడు. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి ఆయనకే బాగా లేదేమో అనుకున్నారు.

ఆస్పత్రిలో కెమెరా గొట్టం వేసి గడ్డ కాదని తేల్చారు. బుడగ వైద్యానికి పది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. అప్పటిదాకా గంజి తాగుతూ గడిపిందే గానీ, పని మాత్రం మానలేదు ఓబులమ్మ. టీచర్ల కాలనీలో మొదటి ఇల్లు నాగలతది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయింది. ఆమెకు జరిగినదంతా చెప్పింది ఓబులమ్మ.

"బేరియం తాగావా?" అంది నాగలత, పేపరు దించి. "బేరియం విషం కదా. ఒక రకం బేరియాన్ని ఎలుకల మందులో కూడా కలిపేవాళ్లు."

ఓబులమ్మ గేటు పట్టుకుని కూలబడబోయింది. "మ్యాడం! మొన్న లోటాడు తాగినా!"

నాగలత గబగబా గేటు దగ్గరికి వచ్చింది. "ఆగాగు, చచ్చిపోవు. నీ రాయి నీళ్లలో కరగదు. కరిగే రకమైతేనే విషం. కరగదు కాబట్టి ఎట్లా పోయిందో అట్లా వచ్చేస్తుంది."

"వచ్చింది మ్యాడం. నిన్న పొద్దున్నే వచ్చింది" అంది ఓబులమ్మ భక్తిగా.

నాగలత ఆ వివరం దాటేసింది. ఉర్దూ మాట అన్న సంగతి వినగానే మాత్రం ఆమెలోని లెక్చరర్ లేచింది. "భారీ కాదు, గ్రీకు. గ్రీకు భాషలో బారుస్ అంటే బరువైనది. రాయి బరువుగా ఉందని బెరైటీస్ అన్నారు. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో దాని లోపలి లోహాన్ని విడదీశారు, దానికి బేరియం అని పేరు పెట్టారు. గాలి బరువు కొలిచే బారోమీటర్ కూడా ఆ మాటే. జర్మనీవాళ్లు ఈ రాయిని వాళ్ల భాషలో బరువు రాయి అన్నారు. చైనావాళ్ల పేరులోనూ బరువే ఉంది."

ఓబులమ్మ అంతా విని, "అందరూ మోసినోళ్లే పేరు పెట్టినట్టుండారు. ముగ్గేసినోళ్లు ఒక్కరూ లేరా?" అంది.

"మీరే" అంది నాగలత.

ఎదురింటి అరుగుమీద వీరభద్రయ్య ఇదంతా వింటున్నాడు. డెబ్బై రెండేళ్లవాడు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేశాడు, ఊరంతా ఆయన్ను అయివారు అంటారు. నాగలతకు తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పింది ఆయనే. సాయంత్రాలు ఆ అరుగుమీదే నల్లబల్ల పెట్టి వీధి పిల్లలకు పద్యాలు నేర్పుతాడు. లోకంలోని ప్రతి మాటా సంస్కృతంలోంచే పుట్టిందని ఆయన నమ్మకం. ఆయన లెక్కలో డాక్టరు అంటే దక్షతరుడు, నర్సు అంటే నరసేవిక. ఒకసారి బస్సుకు కూడా ధాతువు చూపించి కండక్టర్‌ను ఏడిపించాడు.

"ఓబులమ్మా, ఇటు రా" అన్నాడు. "గ్రీకు గాడిదగుడ్డు! భారం అనే మాట విన్నావా? భారం, బారం, బారియం, బేరియం. మన బరువు కూడా ఆ భారమే. వాళ్లు మన దగ్గర ఎత్తుకుపోయినారు, ఇప్పుడు మనకే నేర్పుతున్నారు. పోయి ఆ అమ్మికి చెప్పు."

ఓబులమ్మ వీధి దాటి చెప్పింది. నాగలత దానికొక జవాబిచ్చింది. ఓబులమ్మ మళ్లీ వీధి దాటింది. ఆ రోజు కాలనీలో మిగిలిన ఇళ్లకు ముగ్గు ఆలస్యంగా చేరింది.

మరునాడు రెండు గేట్ల దగ్గరా ఇద్దరూ ఆమె కోసం కాచుకుని ఉన్నారు. ఓబులమ్మకు అది చాలా నచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ఈ వీధిలో ఎవరూ ఆమెతో "రెండు డబ్బాలు పొయ్యి" అనే మాట దాటి మాట్లాడలేదు. ఇప్పుడు ఇంత చదువుకున్నవాళ్లు ఆమె నోటినుంచి ఏం వస్తుందా అని ఎదురుచూస్తున్నారు. ఒకరు కాఫీ ఇస్తే ఇంకొకరు మజ్జిగ ఇస్తున్నారు. ఇట్లాంటి వైభోగం తొందరగా అయిపోకూడదని ఆమె అనుకుంది.

అందుకని కొంచెం ఉప్పు వెయ్యడం మొదలుపెట్టింది.

"సార్ చెప్పింది పొరపాటు" అని నాగలత అంటే, వీధి దాటేసరికి అది "అయివారికి వయసైపోయిందంట" అయ్యేది. "ఆధారం చూపమను" అని ఆయనంటే, అది "నీకు నిఘంటువు పట్టుకునేది కూడా రాదంట మ్యాడం" అయ్యేది. తిమ్మయ్య బండి మీద కూర్చుని రెండువైపులా వింటూ, ఏ మాట ఎక్కడ ఎంత లావయిందో గమనిస్తూనే ఉన్నాడు. ఒకసారి మాత్రం "వద్దులేమే" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

బుడగ వైద్యానికి ముందురోజు నాగలత నవ్వుతూ, "సార్ క్లాసులో కూడా ఇట్లాంటివి చాలా చెప్పేవారు. పరీక్షలో ఒక్కటీ రాలేదని చెప్పు" అంది. అది పాత శిష్యురాలి పరిహాసం. ఓబులమ్మ వీధి దాటింది.

"మీ దగ్గర నేర్చుకున్నదాంట్లో ఒక్క ముక్క కూడా పనికి రాలేదంట అయివారూ."

వీరభద్రయ్య జవాబు చెబుతాడని ఆమె నిలబడింది. ఆయన చేతిలోని సుద్దముక్కను కిటికీలో పెట్టి లోపలికి పోయాడు. ఆ రోజు కాఫీ రాలేదు. కాఫీ లేదనే తప్ప ఇంకేమీ తోచలేదు ఓబులమ్మకు.

ఆస్పత్రిలో మత్తిచ్చి బుడగ పెట్టారు. లేచాక రెండు రోజులు రొమ్ము నొప్పి పెట్టింది. మూడో రోజు మెత్తటి అన్నం ముద్ద ఒకటి, ఆగకుండా, అడగకుండా, ఎవరి ఇంట్లోకి వాళ్లు పోయినంత సులువుగా కిందికి పోయింది. ఓబులమ్మ ఇంకో ముద్ద తిని, ఇంకోటి తిని, పళ్లెం ముందే కూర్చుని భోరున ఏడ్చింది. "ముద్ద తగులుకునిందా?" అని తిమ్మయ్య భయపడి నీళ్లు తెచ్చాడు.

వారం తర్వాత టీచర్ల కాలనీకి పోయేసరికి వీధి బోసిపోయినట్టుంది. అయివారి అరుగు ఖాళీ. నల్లబల్ల గోడవైపు తిప్పి ఉంది. పుస్తకాలు పట్టుకుని వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు తలుపు చూసి తిరిగిపోతున్నారు.

"వారం రోజులుగా క్లాసు లేదు" అంది నాగలత. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది. "నేను ఎదురైతే తల తిప్పుకుంటున్నారు. నిన్న మందులషాపులో నిలబడి, నన్ను చూసి మందు తీసుకోకుండానే పోయారు. నేనేమన్నాను ఓబులమ్మా అంత మాట?"

అబద్ధం చెప్పడానికి ఓబులమ్మ నోరు తెరుచుకుంది. బండి మీదినుంచి తిమ్మయ్య ఆమెనే చూస్తున్నాడు. తెరుచుకున్న నోటితోనే ఆమె నిజం చెప్పింది. ఏ రోజు ఏ మాటకు ఎంత కలిపిందో వరసగా అంతా చెప్పింది.

నాగలత అరవలేదు. అరిచి ఉంటే ఓబులమ్మకు సుఖంగా ఉండేది.

"నువ్వు ముగ్గులో ఇసుక కలుపుతావా?" అని అడిగింది.

"ఎంత మాట అడగతాండారు! ఏనాడూ కలపలేదు మ్యాడం. నా బిడ్డమీద ఒట్టు."

"మరి మాటలో ఎందుకు కలిపావు?"

ఓబులమ్మ కాసేపు పైటకొంగు పిండుకుని, "మీరిద్దరూ నాతో మాట్లాడతాండారని" అంది.

నాగలత ఇంట్లోకి పోయి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. మాటలు ఏ భాషనుంచి ఏ భాషకు ఎట్లా నడిచాయో చెప్పే నిఘంటువు.

"నేను కూడా ఒకటి చెప్పాలి. అయివారిని ఓడిద్దామని పది రోజుల కిందట లైబ్రరీనుంచి ఇది తెచ్చాను. భారం కాదు, ఆయన చెప్పింది తప్పే. భారం వేరే మాటనుంచి వచ్చింది. పేరులో పోలిక వట్టి కాకతాళీయం. కానీ గ్రీకువాళ్ల బారుస్ ఉంది చూడు, దానికి నిజంగానే సంస్కృతంలో తోబుట్టువు ఉంది. అది చూసి పుస్తకం మూసేశాను. చెబితే ఆయన సగం గెలిచినట్టవుతుందని."

"పది దినాలుగా దాచిపెట్టినారా?"

"దాచిపెట్టాను."

"అయితే మ్యాడం, సదువురానోళ్లు కలపతారు, సదువుకున్నోళ్లు దాచిపెడతారు. ఇద్దరిదీ కల్తీనే. పదండి పోదాం" అంది ఓబులమ్మ. ఆమెకు ధైర్యం తిరిగి వచ్చింది.

వీరభద్రయ్య చాలాసేపటికి తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది. నాగలతను చూసి మళ్లీ మూయబోయాడు గానీ, ఓబులమ్మ అప్పటికే గడపలో కూర్చుంది. తలుపుకు అడ్డం పడిన మనిషిని తొక్కి తలుపు మూసేంత చదువు ఆయన చదవలేదు.

"అయివారూ, ఆ మాట ఆయమ్మ అనలేదు. నేను అన్నా. పరీక్షలో రాలేదని ఆయమ్మ నవ్వుతా అంటే, నేను దాన్ని ఒక మూట చేసి మీ నెత్తిన పెట్టినా. నన్ను కొట్టండి. ఆయమ్మతో మాత్రం మాట్లాడండి."

ఆయన తలుపు మీదినుంచి చెయ్యి తీసి, బయటికి వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. నాగలత పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"భారం కాదు" అన్నాడు చివరికి.

"కాదు సార్."

"బస్సుకు చెప్పింది కూడా తప్పేనేమో."

"అది నాకు తెలియదు సార్" అంది నాగలత. ఆమెకు తెలుసు.

ఆయన వేలు ఇంకా కిందికి జరిగింది. జరిగి ఆగింది. ఆయన తలెత్తి నాగలత వైపు చూశాడు. ఆమె తల ఊపింది. "ఒకే పాత మాట సార్. దాని మొదటి ధ్వని మనవైపు గకారం అయింది, గ్రీకువైపు బకారం అయింది. వాళ్లకు బారుస్, మనకు గురు."

"ఏందది? నాకు చెప్పరేమి?" అంది ఓబులమ్మ గడపలోంచి.

వీరభద్రయ్య ఆమె వైపు తిరిగాడు. తెలియకుండానే ఆయన గొంతులోకి పాఠం వచ్చేసింది. "గురువు అంటే ముందు బరువని అర్థం ఓబులమ్మా. పద్యంలో తేలిగ్గా పలికే అక్షరం లఘువు, బరువుగా పలికేది గురువు. పిల్లలకు రోజూ చెప్పేది అదే. పాఠం చెప్పేవాణ్ని గురువు అనడం కూడా ఆ బరువును చూసే. నీ రాయి పేరూ ఆ పేరూ అన్నదమ్ములు."

ఓబులమ్మకు దీన్ని నమలడానికి కొంచెంసేపు పట్టింది.

"అంటే అయివారూ, ఆ పొద్దు ఆస్పత్రిలో నేను తాగింది మిమ్మల్నే!"

"ఒకరకంగా అంతే."

"అయ్యో, మరి తెల్లారి నేను…"

గేటు దగ్గర తిమ్మయ్య ఉన్నట్టుండి గట్టిగా దగ్గాడు. నాగలత పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"తెల్లారి ఏమైంది?" అన్నాడు వీరభద్రయ్య.

"వద్దులే సామీ."

"సగం చెప్పి ఆపితే పాపం. చెప్పు."

చెప్పింది. చుక్కలు పెట్టడమొక్కటే తక్కువన్న మాటతో సహా చెప్పింది. వీరభద్రయ్య మొదట నిటారుగా కూర్చున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. తర్వాత కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. వారం రోజులుగా ఆ ఇంట్లోంచి చప్పుడు వినని పొరుగువాళ్లు ఆ నవ్వుకు కిటికీలు తీశారు.

నవ్వు సద్దుమణిగాక నాగలత ఆయన పక్కనే మెట్టుమీద కూర్చుంది. "ఇంకో తమాషా ఉంది సార్. రాయి బరువని లోహానికి ఆ పేరు పెట్టారు గానీ, తీరా ఆ లోహాన్ని విడిగా తీస్తే ఇనుములో సగం బరువు కూడా ఉండదు. పేరే బరువు."

"గురువులు చాలామంది అంతే" అన్నాడు వీరభద్రయ్య. కళ్లు తుడుచుకుని, "ఒక్క ముక్కా పనికి రాలేదంటే నమ్మినాను చూడు. నమ్మకుండా ఉండాల్సింది" అన్నాడు.

"తొమ్మిదో తరగతిలో గురులఘువులు చెప్పింది మీరే సార్. అందుకే ఆ పేజీ చూడగానే ఆగిపోయాను" అంది నాగలత.

ఆ సాయంత్రం నల్లబల్ల మళ్లీ వీధివైపు తిరిగింది. ఓబులమ్మకు మాత్రం శిక్ష పడింది. ఇకమీదట ఆ రెండు ఇళ్ల మధ్య ఏ కబురైనా ఆమె మొయ్యకూడదు. ఎవరి మాట వాళ్లే వీధి దాటి చెప్పుకుంటారు. కాఫీ, మజ్జిగ మాత్రం ఆగలేదు. ఆమె మెట్టుమీద కూర్చుని తాగుతుంటే, ఇద్దరూ ఏ మాట ఏ దేశంనుంచి వచ్చిందో పోట్లాడుకుంటూ ఉంటారు. ఓబులమ్మ మధ్యలో తీర్పు చెబుతుంది. సాధారణంగా ఇద్దరికీ వ్యతిరేకంగా చెబుతుంది.

మొన్న వానాకాలంలో జెస్సీ ఫోన్ చేసింది. పెద్ద ఈరన్న అనే ముసలాయన వచ్చాడట, బేరియం తాగనంటే తాగనని మొండికేశాడట. డాక్టరు గోపీనాథ్ ఆమెను పిలిపించమన్నాడు. మూటలు మిల్లులో దింపి ఆస్పత్రికి పోయారు మొగుడూ పెళ్లాం.

పెద్ద ఈరన్న గ్లాసును మోకాలిమీద పెట్టుకుని, దాన్ని పామును చూసినట్టు చూస్తున్నాడు. భుజాలు ఒకవైపు వంగిపోయి ఉన్నాయి.

"నాకు చెప్పొద్దు. ఇదేందో నాకు తెల్సు" అన్నాడు ఓబులమ్మ నోరు తెరవకముందే. "ముగ్గురాయి. కోడూరులో నలభై ఏండ్లు లారీలకు లోడింగు చేసినా. దీన్ని వీపుమీద మోసింది చాలదా? ఇప్పుడు కడుపులో గూడా మొయ్యల్నా?"

ఓబులమ్మకు చెప్పడానికి చాలా ఉన్నాయి. గ్రీకు ఉంది, జర్మనీ ఉంది, గురువు ఉన్నాడు. ఆయన వంగిన భుజం చూశాక అవేవీ నోటికి రాలేదు. పక్కన బెంచీమీద కూర్చుంది.

"వీపున నలభై ఏండ్లు మోసినావు. కడుపులో ఒక్క రోజే మామా. దించేది గూడా అదే దించుకుంటాది, కూలి మనుషులు అక్కర్లేదు."

ఈరన్న ఆమెను ఎగాదిగా చూశాడు. గ్లాసు ఎత్తి, ఒక్క గుక్కలో సగం తాగేసి, మీసం తుడుచుకున్నాడు. నోరు చప్పరించి జెస్సీ వైపు తిరిగాడు.

"ఏం పాపా, ఈ వాసన బాగుండాదే. ఇంకోటి ఉండాదా?"